బాతుగుడ్ల పెట్టె

సమ్మె మొదలైన ఐదో రోజున మా ఆయన ఎక్కడి నుంచో ఒక పాత చెక్కపెట్టె మోసుకొచ్చాడు. అప్పటికి మా ఇంట్లో విప్పడానికి ఇంకేమీ మిగల్లేదు. బాగా తిరుగుతున్న ఫ్యాన్ విప్పి మళ్ళీ బిగించాడు. మిక్సీని రెండుసార్లు బాగు చేశాడు, రెండోసారికి అది మూలపడింది. పదిహేనేళ్ళుగా కరెంటు స్తంభాలెక్కిన మనిషి, గేటు దగ్గర ఎవరైనా "లైన్‌మన్ గారూ" అంటే కంచం ముందు నుంచి లేచి వెళ్ళిన మనిషి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆఫీసు ముందు టెంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుని వస్తే చేతులు ఊరుకోవు మరి.

"ఇదెందుకండీ?" అన్నాను.

"బాతుపిల్లల్ని చేద్దామని."

మా అత్తయ్య వంటగది గుమ్మంలోంచి తొంగిచూసింది. "బాతు లేకుండానా?"

"బాతు చేసే పని బల్బు చేస్తుందమ్మా."

"కోడిగుడ్డు మీద ఈకలు పీకేవాళ్ళని చూశాను గానీ, బాతుగుడ్డుకి ఈకలు మొలిపించేవాణ్ణి నా కడుపునే కన్నానన్నమాట" అంటూ ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

రెండు రోజుల్లో పెట్టె తయారైంది. రెండు బల్బులు, పాత కంప్యూటర్‌లోంచి పీకిన బుల్లి ఫ్యాను, కింద నీళ్ళ పళ్ళెం, పైన చూడటానికి ఒక అద్దం. వేడి ఎక్కువైతే బల్బులు వాటంతటవే ఆరిపోతాయి, తగ్గితే వెలుగుతాయి. కాలవ అవతల బాతుల్ని మేపే ఆవిడ దగ్గర ముప్ఫై గుడ్లు తెచ్చి వరసగా పేర్చాడు. ఇరవై ఎనిమిది రోజులు పడుతుందన్నాడు. అప్పటికి సమ్మె అయిపోతుందని కూడా అన్నాడు.

సమ్మె ఎందుకో చెప్పాలి. స్తంభం పనికి ఇద్దరు కావాలి. ఒకడు పైన, ఒకడు కింద స్విచ్ దగ్గర. పైవాడు "ఆపావా?" అని అరుస్తాడు. కిందవాడు "ఆపాను, ఎక్కు" అంటాడు. ఆ మాట మీదే పైవాడు తీగ మీద చెయ్యి వేస్తాడు. పోయిన వానల్లో ఖర్చు తగ్గించాలని పై ఆఫీసువాళ్ళు కిందమనిషి చోట ఆ రోజుకి ఎవరు దొరికితే వాళ్ళని పెట్టారు. అలా వచ్చినతను ఒకరోజు ఆపకుండానే ఆపానన్నాడు. పైన ఉన్నతను అక్కడికక్కడే పోయాడు, మా ఆయన కంటే రెండేళ్ళు చిన్న. స్తంభానికి ఇద్దరుండాలి, ఇద్దరూ పని తెలిసినవాళ్ళై ఉండాలి అని వీళ్ళంతా పని ఆపేశారు. ఒప్పుకునేదాకా ఒక్కరు కూడా స్తంభం గానీ ఫ్యూజు గానీ ముట్టుకోకూడదని అనుకున్నారు. ఆస్పత్రి లైను తప్ప, ఎవరి వీధిలో కరెంటు పోయినా, తమ ఇంట్లోనే పోయినా సరే.

మా ఆయనకి ఆ రెండో మనిషి నిచ్చెన. అసలు పేరు వేరే ఉంది గానీ, మా గుమ్మంలోకి తల వంచకుండా రాలేని ఆ మనిషిని ఊరంతా నిచ్చెన అనే పిలిచేది. పదిహేనేళ్ళూ ఒకరు పైన, ఒకరు కింద. నేను ఆయన్ని అన్నయ్యా అనేదాన్ని.

గుడ్లని రోజుకి ఐదుసార్లు తిప్పాలి. లేకపోతే లోపలి పిల్ల పెంకుకి అతుక్కుపోతుందట. మా అమ్మాయి ప్రతి గుడ్డు మీద ఒకవైపు గీత, ఇంకోవైపు సున్నా పెన్సిల్‌తో వేసింది. గీతలన్నీ పైకొచ్చేలా ఒకసారి, సున్నాలన్నీ పైకొచ్చేలా ఒకసారి. టెంట్లో కూర్చునే మనిషి వచ్చి తిప్పలేడు కదా, ఆ పని నా నెత్తిన పడింది. నేను ఇంట్లోనే బట్టలు కుట్టేదాన్ని. కుట్టుమిషన్ పక్కనే పెట్టె. మొదటి మూడు రోజులూ తిట్టుకుంటూ తిప్పాను. "సమ్మె మీరు చేస్తున్నారు, పొదుగుడు నేను పొదుగుతున్నాను" అని ఆయన్ని దెప్పాను. ఆయన నవ్వాడు.

గుడ్లు పెట్టిన ఎనిమిదో రోజు మధ్యాహ్నం నిచ్చెన అన్నయ్య కూడా వచ్చాడు. సామాన్ల గది తలుపు మూసి, గుడ్డు కింద టార్చిలైటు పెట్టారు. పెంకు లోపల ఎర్రటి దారాలు, మధ్యలో టిక్కు టిక్కుమంటూ ఒక చుక్క. ఆ ఇరుకు గదిలో ఒళ్ళంతా మడుచుకుని నిలబడ్డ అన్నయ్య చాలాసేపు దాన్నే చూశాడు.

"సప్లై వస్తోందిరా. లైన్ బాగుంది" అన్నాడు.

నేను కూడా చూశాను. అప్పటిదాకా అవి గుడ్లు. ఆ మధ్యాహ్నం నుంచి అవి నావైపోయాయి. ఏడింట్లో ఏమీ లేదని తీసేస్తే నాకు బాధేసింది. మిగిలిన ఇరవై మూడింటి కోసం కళ్ళలో వత్తులు వేసుకుని కూర్చున్నాను. బయటికెళ్తే మనసు పెట్టె దగ్గరే ఉండేది. ఎవరివో బట్టలు చెప్పిన రోజుకి ఇవ్వలేక మాట కూడా పడ్డాను.

సమ్మె మాత్రం తెమల్లేదు. ఎండ ముదిరింది. ఒక్కో వీధీ చీకటైపోతోంది. నిచ్చెన అన్నయ్య వాళ్ళ వీధిలో తొమ్మిది రోజులు కరెంటు లేదు. వాళ్ళ నాన్న మెట్ల మీద చూసుకోక పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఇంటి ముందే స్తంభం, ఇంట్లోనే ఫ్యూజు తీగ చుట్ట. అన్నయ్య ముట్టుకోలేదు. మా వీధికి మాత్రం ఏమీ కాలేదు. "లైన్‌మన్ ఉన్న వీధి కదా, కరెంటుకి కూడా భయం" అని ఎదురింటి ఇస్త్రీ ఆయన వేళాకోళం చేసేవాడు.

ఇరవై ఐదో రోజు నుంచి గుడ్లు తిప్పకూడదు. పెట్టె మూత తీయకూడదు. లోపలి తేమ పోతే పొర ఎండిపోయి పిల్లని బిగించేస్తుందని మా ఆయన పదిసార్లు చెప్పాడు. ఇరవై ఏడో రోజు పొద్దున్నే ఒక గుడ్డు మీద చిన్న పగులు కనిపించింది. మా అమ్మాయి పెట్టెకి చెవి ఆనించి, "అమ్మా, పిలుస్తోంది" అంది. నేనూ విన్నాను. సన్నగా, ఆగి ఆగి వస్తోంది. అత్తయ్య కూడా వచ్చి నేల మీద చతికిలబడి చెవి పెట్టింది. "నిజంగానే బల్బుకి పుట్టాయే" అని ముక్కు మీద వేలేసుకుంది.

తొమ్మిదిన్నరకి వీధి చివర ఠప్పుమని శబ్దం వచ్చింది. పెట్టెలో బల్బులు ఆరిపోయాయి. ఫ్యాను నాలుగుసార్లు తిరిగి ఆగిపోయింది.

పెట్టె మీద దుప్పట్లు కప్పాం. గాలి కన్నాలు మూయకుండా చుట్టూ వేడినీళ్ళ సీసాలు పెట్టాం. లోపల పెడదామంటే మూత తీయాలి. పెట్టెలోని థర్మామీటరు ముప్ఫై ఏడున్నర చూపాల్సింది, పదిన్నరకి ముప్ఫై ఐదు, పదకొండున్నరకి ముప్ఫై రెండు. పిలుపు తగ్గింది. అంతకుముందే మా అమ్మాయిని టెంటుకి పంపిస్తే, అది ఒక్కతే తిరిగొచ్చింది. "నాన్న భోజనానికి వస్తానన్నాడు" అంది.

ఆయన వచ్చి, చొక్కా కూడా విప్పకుండా పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ఫ్యూజేనా పోయింది?" అన్నాను.

"ఫ్యూజే."

"ఎంతసేపు పని?"

"రెండు నిమిషాలు."

"మరి వెయ్యండి."

"వాళ్ళ నాన్న కాలు విరిగినా వాడు వెయ్యలేదు. బాతుపిల్లల కోసం నేను వెయ్యనా?"

"ఎవరు చూస్తారండీ? ఈ ఎండలో వీధిలో పిట్ట కూడా లేదు."

"అడక్కు" అన్నాడు. అరవలేదు. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని, గొడవ అక్కడితో పోయేది. కంచం వంక చూడకుండా లేచాడు. "గ్యారేజీలో లారీ బ్యాటరీ ఏదైనా అడిగి తెస్తా. దాంతో నడుస్తుందేమో చూద్దాం" అని సైకిలెక్కి వెళ్ళాడు.

ఊరి చివరి గ్యారేజీ. వెళ్ళి రావడానికి గంట. థర్మామీటరు ముప్ఫై ఒకటిలో ఉంది. పిలుపు ఆగిపోయింది. మా అమ్మాయి ఏడవటం మొదలుపెట్టింది. లోపలి గుడ్డు మీద పగులు ఎంత ఉందో అంతే ఉంది.

లైన్‌మన్ పెళ్ళాన్ని. ఫ్యూజు వేయడం ఎన్నిసార్లు చూడలేదు? మేకుకి ఆయన రబ్బరు గ్లవ్స్ వేలాడుతున్నాయి. తీగ చుట్ట అలమరలో ఉంది. కుట్టుమిషన్ ముందున్న చెక్క స్టూలు చంకన పెట్టుకుని వీధి చివరికి నడిచాను. ట్రాన్స్‌ఫార్మర్ కింద ఇనుపపెట్టె తలుపుకి వట్టి తీగ మెలేసి ఉంది. స్టూలెక్కి, మూడింట్లో నల్లబడ్డ పింగాణీ ఫ్యూజు బయటికి లాగాను. పాత తీగ తీసేసి, కొత్తది రెండు పేటలు చుట్టి, కళ్ళు మూసుకుని లోపలికి నొక్కాను. చిటపటమంది. వీధిలో ఎవరింట్లోనో రేడియో ఒక్కసారిగా గట్టిగా పాడింది. స్టూలు తీసుకుని ఇంటికొచ్చేశాను. ఎవరూ చూడలేదు.

బల్బులు వెలిగాయి. పావుగంటకి మళ్ళీ పిలుపు వినిపించింది. అత్తయ్య నా చేతిలోని గ్లవ్స్ వంక చూసి వంటగదిలోకి వెళ్ళిపోయింది.

ఆయన బ్యాటరీ మోసుకుంటూ గుమ్మంలోకి వచ్చి, తిరుగుతున్న ఫ్యాన్ వంక చూశాడు. తర్వాత మేకు వంక చూశాడు. గ్లవ్స్ మిషన్ మీద ఉన్నాయి. బ్యాటరీ దించడం కూడా మర్చిపోయి అలాగే నిలబడ్డాడు.

"నువ్వేనా?"

తలూపాను.

"స్విచ్ ఆపావా?"

"దానికి తాళం ఉంది కదండీ. గ్లవ్స్ వేసుకున్నాగా."

"అవి చిల్లులు పడ్డాయనే ఇంట్లో పడేశాను" అన్నాడు. అప్పుడు బ్యాటరీ దించి, దాని మీదే కూర్చుండిపోయాడు.

ఇస్త్రీ ఆయన మంచివాడే. ఆ మంచితనంతోనే పేటకి వెళ్తూ టెంటు దగ్గర ఆగి, "మా లైన్‌మన్ గారు మనసున్న మనిషండీ, మా వీధిని చల్లగా చూశారు" అని చెప్పి వెళ్ళాడట. సాయంత్రం ఐదింటికి నలుగురు వచ్చారు. ముందు నిచ్చెన అన్నయ్య. లోపలికి రమ్మంటే రాలేదు.

"ఎవరు వేశార్రా?"

నేను తలుపు వెనకే ఉన్నాను. మా ఆయన నా వంక చూడలేదు.

"నేనే" అన్నాడు.

అన్నయ్య ఆయన మొహంలోకే చూస్తూ మళ్ళీ అడిగాడు. "నువ్వేనా?"

"చెప్పాగా. నేనే వేశాను."

లోపల పెట్టెలోంచి పిల్ల అరుపు అందరికీ వినిపించింది. వచ్చినవాళ్ళలో ఒకతను ఫక్కున నవ్వాడు. అన్నయ్య నవ్వలేదు. "మా నాన్న మెట్ల మీద పడ్డప్పుడు నా పక్కన ఉన్నది నువ్వే కదరా" అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

నాకు నోరెక్కువని మా చుట్టాల్లో పేరు. ఆ రోజు ఆ నోరు పెగల్లేదు. ఒక్క అడుగు ముందుకేసి "అన్నయ్యా, నేనే" అంటే సరిపోయేది. భయపడ్డాను. వాళ్ళు వెళ్ళాక, "ఎందుకలా చెప్పారు?" అని మాత్రం అడగగలిగాను.

"బయటివాళ్ళు ఆ ఫ్యూజుల పెట్టె ముట్టుకుంటే కేసు. అయినా పెళ్ళాం వేసిందంటే ఎవడు నమ్ముతాడు? పెళ్ళాం కొంగు చాటున దాక్కున్నాడంటారు" అన్నాడు. "పోనీలే. రెండు రోజులు తిడతారు."

మర్నాడు సాయంత్రానికి పదహారు పిల్లలు బయటికొచ్చాయి. ఏడు రాలేదు. పెంకు పగలగొట్టి సాయం చేద్దామని నా చెయ్యి వెళ్తుంటే మా ఆయన పట్టుకుని ఆపాడు. "ముందే తీస్తే రక్తం పోతుంది. దానంతటది రావాలి" అన్నాడు. తడిసి ముద్దగా వచ్చినవి రెండు గంటల్లో పసుపు ఉండల్లా పొంగాయి. కళ్ళు తెరవగానే వంగి చూస్తున్నది ఆయనే కాబట్టి ఆయన వెంటే పడ్డాయి. పెరట్లోకి వెళ్తే పెరట్లోకి, గేటు దాకా వెళ్తే గేటు దాకా. మా అమ్మాయి పడీపడీ నవ్వేది. నేను మాత్రం వాటి వంక చూడకుండా మేత పడేసి వచ్చేసేదాన్ని.

ఇంకో పన్నెండు రోజులకి సమ్మె గెలిచింది. స్తంభానికి ఇద్దరు, ఇద్దరూ పని తెలిసినవాళ్ళు. అందరూ దండలేసుకుని ఊరేగింపుగా వెళ్ళారు. మా ఆయన వెళ్ళలేదు, ఎవరూ పిలవలేదు. పనిలోకి వెళ్ళిన మొదటిరోజే ఆయనకి బాతు అని పేరు పెట్టారు. ఆఫీసులో ఆయన నడుస్తుంటే వెనక నుంచి క్వాక్ క్వాక్ అనేవాళ్ళు. టీ కొట్టు దగ్గర ఆయన వెళ్ళేసరికి బల్ల ఖాళీ అయ్యేది. ఇవన్నీ ఆయన చెప్పలేదు, ఇస్త్రీ ఆయనే వచ్చి నొచ్చుకుంటూ చెప్పాడు.

"అన్నయ్య కూడానా?" అని మా ఆయన్ని అడిగాను.

"వాడు ఏమీ అనడు. డ్యూటీ మాత్రం నాతోనే వేయించుకున్నాడు. 'ఆపావా' అంటాడు, 'ఆపాను, ఎక్కు' అంటాను. నేనెక్కినప్పుడు వాడంటాడు. రోజుకి అవే మాటలు." మొహం తుడుచుకుంటూ, "అవైనా ఉన్నాయిలే" అన్నాడు.

ఆ చివరి మాటకే నేను తట్టుకోలేకపోయాను. రెండు వారాలు చూసి, ఒక ఆదివారం పొద్దున్న అన్నయ్య వాళ్ళింటికి వెళ్ళాను. మా ఆయనకి చెప్పలేదు.

అన్నయ్య వాకిట్లో వాళ్ళ నాన్న కాలికి కట్టు మారుస్తున్నాడు. నన్ను చూసి గబగబా లేచి కుర్చీ వేశాడు. మొహంలో కోపం లేదు. "మంచిపని చేశావు చెల్లెమ్మా. నేనే వద్దామనుకుంటున్నా. ఎన్నాళ్ళని మొహాలు తిప్పుకుంటాం? వాడికి బాతులంటే పిచ్చి, ఆ నిమిషంలో చెయ్యి ఆగలేదు. మనిషన్నాక జారతాడు. వచ్చే వారం అందరినీ కూర్చోబెట్టి ఈ బాతు గోల ఆపిస్తా" అన్నాడు.

ఆ మాట విని, టీ తాగి లేచొచ్చి ఉంటే ఎంత బాగుండేది. కానీ నెలరోజులుగా దాచుకున్నది బయటికి తన్నుకొచ్చింది. తప్పు నాదని తెలిస్తే ఆయన మీద మచ్చ పోతుందనుకున్నాను.

"ఆయన వెయ్యలేదన్నయ్యా. వద్దనే అన్నారు. బ్యాటరీ కోసం వెళ్ళారు. ఆ గంటలో నేనే వేశాను."

అన్నయ్య చేతిలో కట్టుగుడ్డ అలాగే ఉండిపోయింది. "నువ్వా?"

"నేనే. ఆయన తప్పేమీ లేదు. నా మీదకి రాకుండా ఆయన మీద వేసుకున్నారు."

అన్నయ్య సంతోషిస్తాడనుకున్నాను. ఆయన మెట్టు మీద కూర్చుని కట్టుగుడ్డని చుట్టచుట్టి పక్కన పెట్టాడు.

"రెండుసార్లు అడిగానమ్మా" అన్నాడు చివరికి. "మొహంలోకి చూసి అడిగాను. రెండుసార్లూ నేనే అన్నాడు. నేను నమ్మాను."

"నా కోసం అన్నయ్యా..."

"తెలుస్తోంది. నీ కోసమే." గొంతులో కోపం లేదు, అదే నన్ను భయపెట్టింది. "ఫ్యూజు వేశాడంటే కోపమొచ్చింది, పోయింది. వాడు అబద్ధం చెబితే నాకు తెలుస్తుందనుకున్నాను. పదిహేనేళ్ళుగా వాడు ఆపానంటే ఎక్కుతున్నాను చెల్లెమ్మా. అసలు తెలియలేదు నాకు."

వాళ్ళ నాన్న మంచం మీంచి, "అమ్మాయికి టీ ఇవ్వరా" అన్నాడు.

మర్నాడు సాయంత్రం మా ఆయన మామూలు వేళకే ఇంటికొచ్చాడు. కాళ్ళు కడుక్కుని, కాళ్ళ చుట్టూ తిరుగుతున్న బాతుల్ని పక్కకి జరిపి, వసారాలో కూర్చున్నాడు.

"ఇవాళ వాడు 'ఆపావా' అని అడగలేదు" అన్నాడు.

నేను చేస్తున్న పని ఆపేశాను.

"నేను ఆపాక తనే స్విచ్ దగ్గరికి వచ్చి చూసుకున్నాడు. దానికి తాళం వేసి, చెవి జేబులో వేసుకుని ఎక్కాడు. దిగాక నాకేమీ చెప్పలేదు." నా వంక చూశాడు. "నువ్వేమైనా వాళ్ళింటికి వెళ్ళావా?"

"వెళ్ళాను" అన్నాను. అంతా చెప్పాను.

మధ్యలో ఎక్కడా ఆపకుండా విన్నాడు. తిడతాడని చూశాను. తిడితే బాగుండునని కూడా అనిపించింది.

"వాడు చేసింది సరైన పనే" అన్నాడు. "పైన ఉండేది వాడి ప్రాణం. నేనైనా తాళం వేసుకునే ఎక్కుతాను."

తర్వాత భోజనానికి లేచాడు. నేను వడ్డించాను. ఆ అబద్ధం నీ కోసమే చెప్పానని ఆయన ఆ రోజు అనలేదు, ఇప్పటిదాకా అనలేదు.